కాఫీకి రమ్మన్నారు

రెన్స్కె ఆ ఉదయం కేకు చేయడం మొదలుపెట్టగానే ఆమె భర్త హార్మ్‌కి భయం పట్టుకుంది.

వంటింటి గుమ్మంలో నిలబడి చూశాడు. ఆపిల్ పళ్ళ తొక్కు తీసి, సన్నగా తరిగి, దాల్చినచెక్క పొడి చల్లి, వరసలు వరసలుగా పేరుస్తోంది. తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంది. నీలం స్వెట్టరు తీసి కుర్చీ మీద పెట్టుకుంది. ఏడాదికి పైగా మంచానికీ సోఫాకీ మధ్య ఈడ్చుకుంటూ తిరిగిన మనిషి ఈరోజు పెళ్ళివారి ఇంటికి బయల్దేరినట్టు తయారవుతోంది.

"ఏంటిది?" అన్నాడు.

"కనపడట్లేదా? కేకు."

"కాఫీకి రమ్మన్నారు. కేకు తెమ్మన్లేదుగా."

"ఊరుకో హార్మ్. ఇన్నాళ్ళ తర్వాత వెళ్తూ చేతులూపుకుంటూ వెళ్తారా ఎవరైనా?"

"వెళ్తారు. ఒంట్లో బాగోలేనివాళ్ళు అలాగే వెళ్తారు. నువ్వు రోజూ ఎలా ఉంటున్నావో అలాగే వెళ్ళు రెన్స్కె. ఆ చిక్కుజుట్టుతో, ఆ పాత చొక్కాతో. చూడనీ వాళ్ళని."

"చూసి ఏమనుకుంటారు?"

"ఉన్నదే అనుకుంటారు."

రెన్స్కె పిండి కలపడంలో పడింది. హార్మ్ చలికోటు తగిలించుకుని బయటికి వెళ్ళిపోయాడు. చక్కెర తీసే బీట్ దుంపల లారీ నడిపే మనిషికి ఎక్కువ మాటలు రావు. వచ్చిన నాలుగూ ఆ ఉదయమే ఖర్చుపెట్టేశాడు, పాపం.

నెదర్లాండ్స్‌లో మా ఉత్తరాది వాళ్ళందరికీ ఉన్న తెగులే ఇది. పైకప్పు ఎగిరిపోతున్నా సరే, కిటికీ అద్దాలు తుడిచి పెట్టుకునే జనం మేము. ఎలా ఉన్నావని అడిగితే "ఇంతకంటే అధ్వాన్నంగా ఉండొచ్చులే" అంటాం. కాలు విరిగినా అదే మాట, కొడుకు పెళ్ళి కుదిరినా అదే మాట. నెదర్లాండ్స్ దేశం మొత్తం మమ్మల్ని చూసి నవ్వుకుంటుంది, మేమూ ఆ పేరుకి తగ్గట్టు మరింత బిగుసుకుంటాం. బాధని పక్కింటివాళ్ళకి కనపడనివ్వడమంటే మాకు నడివీధిలో బట్టలు విప్పుకోవడమే.

రెన్స్కె పుట్టింది సముద్రపు కరకట్ట కింద, పెరిగింది కరకట్ట కింద, ఉద్యోగం చేసింది కూడా కరకట్ట కిందే. కట్టని ఆనుకుని వృద్ధుల కోసం కట్టిన పెద్ద ఇల్లొకటి ఉంది. ఊళ్ళో అందరూ కరకట్ట ఇల్లనే అంటారు. మతి తప్పిన ముసలివాళ్ళని చూసుకునే తూర్పు భాగంలో, బడి చదువు అయిన ఏడాదే రెన్స్కె చేరింది. చేరిన కొత్తలో అక్కడ పనంటే పనిలా ఉండేది కాదు. ఒక బామ్మకి స్నానం చేయించి జడ వేస్తూ ఆమె చిన్నప్పటి ఆవుల పేర్లన్నీ వినేది. తినడం మరిచిపోయిన తాతకి చెంచా చేతికిచ్చి, తనూ ఎదురుగా కూర్చుని తినేది. అప్పుడాయనకి తినడం గుర్తొచ్చేది.

అందరిలోకీ ఆమెకి ఇష్టమైనవాడు డ్యూర్ట్ తాత. జీవితమంతా కాలువల్లో, లాకులు దాటించుకుంటూ సరుకు పడవ నడిపాడు. ఇప్పుడు భార్య పేరు గుర్తులేదు, కూతురి మొహం గుర్తులేదు. పడవ మాత్రం గుర్తుంది. రోజూ పొద్దున పదింటి కాఫీ వేళకి లేచి నిలబడి, కంగారుగా అటూ ఇటూ చూస్తూ అడిగేవాడు.

"లాకులు తీశారా అమ్మాయ్?"

"ఇప్పుడే తీశారు కెప్టెన్‌గారూ, పదండి పోదాం" అనేది రెన్స్కె. చెయ్యి పట్టుకుని వరండా చివర కిటికీ దాకా నడిపించేది. అక్కడ నిలబడి ఆయన బయటికి చూసి, పడవ దాటిందన్నట్టు ఊపిరి వదిలేవాడు. అంతే, ఆ రోజంతా నిమ్మళంగా ఉండేవాడు. ఎవరూ ఎవరికీ నేర్పని వైద్యం అది.

ఆ తర్వాత కరకట్ట ఇంటిని ఎక్కడో నగరంలో ఉన్న పెద్ద సంస్థ తనలో కలిపేసుకుంది. వెళ్ళిపోయిన వాళ్ళ చోట కొత్తవాళ్ళని పెట్టడం మానేశారు. మనుషుల బదులు ఫోన్లు వచ్చాయి. ప్రతి మంచం పక్కనా నేలమీద ఒక చాప పరిచారు. ముసలివాళ్ళు దానిమీద కాలు పెడితే చాలు, పనివాళ్ళ జేబులో ఫోను టింగుమంటుంది. దాన్ని నొక్కి నోరు మూయించేదాకా మోగుతూనే ఉంటుంది. ఒకదాన్ని నొక్కేలోగా ఇంకొకటి మొదలు. యూనిఫారం కుడి జేబులో పొద్దున వేసుకున్న ఆ ఫోను, ఇంటికి పోయేటప్పుడే బయటికి రావాలి.

దానికి తోడు గుంపు మెసేజులు. ఎవరికో జ్వరం, ఎవరికో నడుంనొప్పి, రోజూ ఎవరో ఒకరు తక్కువ. టీమ్ లీడరు మార్లూస్ అందరికీ కలిపి ఒకే మెసేజు పెట్టేది. "ఈ సాయంత్రం మమ్మల్ని ఎవరు కాపాడతారు?" కింద రెండు దణ్ణాల బొమ్మలు, ఒక ఎర్ర గుండె. మిగతావాళ్ళందరూ చూసి చూడనట్టు ఊరుకునేవాళ్ళు. ఆ మౌనం రెన్స్కె భరించలేకపోయేది. తూర్పు భాగంలో ఆ పూట ఎవరూ లేకపోతే డ్యూర్ట్ తాతని పడుకోబెట్టేదెవరని ఆలోచించేది. చెయ్యి దానంతటదే టైపు చేసేది. "నేనొస్తా."

ఆ మాట ఆమెకి ఇంటిపేరైపోయింది. "మా నేనొస్తా ఉందిగా" అని నవ్వుకునేవాళ్ళు. మార్లూస్ అయితే "నువ్వు బంగారానివే" అనేది. బంగారం బంగారం అంటూనే మనిషిని గీటురాయి మీద పెట్టి అరగదీశారు. మార్లూస్‌ని ఒక్కదాన్నే తిట్టుకుని లాభం లేదు, ఆ పిల్లని పైవాళ్ళు ఇంకో రాయి మీద అరగదీస్తున్నారు.

అలసట రెన్స్కెకి కొత్త కాదు. దుంపల రైతు కూతురు, ఒళ్ళు వంచడం చిన్నప్పటినుంచీ తెలుసు. ఆమెని తినేసింది వేరే సంగతి. తడిసిన పక్కలో ఉన్న బామ్మకి "ఇప్పుడే వస్తా" అని చెప్పి, ఫోను మోగిన వైపు పరిగెత్తి, గంటకి గానీ తిరిగి రాలేకపోవడం. నోట్లో ముద్ద ఉండగానే ఇంకో ముద్ద కుక్కడం. డ్యూర్ట్ తాత లేచి నిలబడే వేళకి కావాలని స్నానాల గదిలోకి తప్పుకోవడం. పని చెడగొట్టకుండా పని పూర్తిచేయడం ఇక కుదరదని ఆమెకి రోజూ తెలుస్తూనే ఉంది. ఇంటికొచ్చి ఆ మాట హార్మ్‌కి కూడా చెప్పలేదు. చెప్పుకుంటే సిగ్గుచేటు.

చలికాలం చివర్లో ఒక ఉదయం వరండా మధ్యలో డ్యూర్ట్ తాత ఆమె చెయ్యి పట్టుకున్నాడు. జేబులో ఫోను మోగుతోంది. "లాకులు తీశారా అమ్మాయ్?"

"ఏ లాకులూ లేవు! ఏ పడవా లేదు! నోరుమూసుకుని కూర్చోండి!"

ఆ గొంతు తనదేనని రెన్స్కెకి కాసేపు తెలియలేదు. డ్యూర్ట్ తాత చెయ్యి వదిలేసి, దెబ్బ తిన్న చిన్నపిల్లాడిలా పెదవి విరిచి ఏడ్చాడు. ఎందుకు ఏడుస్తున్నాడో క్షణంలో మరిచిపోయాడు, ఏడుపు మాత్రం మరవలేదు. ఆ పూటంతా ఏడుస్తూనే ఉన్నాడు.

మర్నాడు రెన్స్కె ఎప్పట్లాగే సైకిలెక్కి బయల్దేరింది. కరకట్ట ఇంటికి ముందు నాలుగు దారులు కలిసేచోట గుండ్రటి మలుపు ఒకటుంది. ఆ మలుపులోకి దిగింది గానీ, కరకట్ట ఇంటి దారిలోకి తిరగలేకపోయింది. చక్రం అటు తిప్పాలని తెలుసు, చేతులు తిప్పవు. మళ్ళీ చుట్టూ వచ్చింది. మళ్ళీ ఆ దారి, మళ్ళీ దాటేసింది. రొట్టెల వ్యాను వాడు హారను కొట్టి తిట్టాడు. స్కూలు పిల్లలు నవ్వారు. ఆమె అలా తిరుగుతూనే ఉంది. చివరికి కరకట్ట ఇంటి తోటమాలి బౌకె చూసి, పరిగెత్తుకొచ్చి హాండిలు పట్టుకుని ఆపాడు.

"ఎటు పోవాలమ్మా రెన్స్కె?"

"తెలీట్లేదు బౌకె. దిగడం ఎలాగో తెలీట్లేదు."

బౌకె ఆమెని సైకిలుతో సహా ఇంటికి నడిపించుకొచ్చాడు. అలా మొదలైంది జబ్బు సెలవు.

మొదటి నెలలు ఆమె నిద్రపోయింది, నిద్ర లేనప్పుడు గోడకేసి చూసింది. పాలు పొంగితే ఏడ్చేది. అంగట్లో సామాను బిల్లు కొట్టే మిషను టింగుమంటే బుట్ట అక్కడే వదిలేసి వచ్చేసేది. ఇంట్లో మైక్రోవేవ్ మోగిన రోజు ఆమె కుడిచెయ్యి ఠక్కున తొడమీదికి పోయి, లేని జేబులో లేని ఫోను వెతికింది. హార్మ్ చూశాడు. మైక్రోవేవ్ ప్లగ్గు పీకి, దాన్ని తీసుకెళ్ళి గ్యారేజీలో పడేశాడు. పొద్దున్నే లారీ తీసుకుపోతూ కేల్ ఆకు వేసి మెదిపిన బంగాళాదుంపలు పొయ్యిమీద పెట్టి వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చేసరికి అవి అలాగే ఉండేవి. ఆయనే వేడిచేసుకుని తిని, గిన్నె కడిగేవాడు.

మా దేశంలో చట్టం మంచిదే. జబ్బు చేసిన మనిషిని రెండేళ్ళదాకా పనిలోంచి తీసెయ్యకూడదు. ఈలోగా కోలుకుని తిరిగి చేరితే సరే, చేరలేకపోతే ఆ చోటు పోతుంది. రెన్స్కెకి ఆ గడువు వచ్చే వసంతంలో. పని పోతే తిండికి లోటు రాదు, హార్మ్ ఉన్నాడు. అయితే ఆ ఇల్లు కాక తనకి వేరే బతుకు ఉందని రెన్స్కె ఎప్పుడూ అనుకోలేదు. పైగా తను అక్కడ చివరగా అన్న మాట ఆ కేక. దాన్ని అలా వదిలేసి పోవడం ఆమెకి చావుతో సమానం. ఒక్కసారైనా వెళ్ళి, లాకులు తీశారని ఆయనకి చెప్పాలి. మళ్ళీ ఆ పని సరిగ్గా చెయ్యగల మనిషి కావాలి. ఆ ఒక్క ఆశమీదే ఆమె రోజూ మంచం దిగేది.

జబ్బు సెలవులో ఉన్నవాళ్ళని తిరిగి పనిలోకి తేవడానికి మాకు మొదటి మెట్టు కాఫీ. ఏ ఆఫీసైనా అంతే. పనేమీ చెయ్యక్కర్లేదు, ఊరికే వచ్చి ఒక కప్పు తాగి పో అంటారు. వినడానికి ఎంత చల్లటి మాట! ఆ కప్పు తాగే కాసేపట్లో పదిమంది కళ్ళు మనిషిని ఎగాదిగా కొలుస్తాయని అందరికీ తెలుసు. అందుకే హార్మ్ ఆ ఉదయం అంత బతిమాలాడు.

రెన్స్కె కేకు పట్టుకుని వెళ్ళింది. గుండ్రటి మలుపు దగ్గర సైకిలు దిగి, పక్కన నడిపించుకుంటూ దాటింది.

"అబ్బో, ఎవరొచ్చారో చూడండి!"

"ఎంత బాగున్నావే రెన్స్కె! రంగొచ్చావు కూడా."

"సెలవులో నువ్వు కేకులు చేసుకుంటూ కూర్చున్నావన్నమాట. మాకూ రాకూడదా ఆ జబ్బు!"

అందరూ నవ్వారు. రెన్స్కె కూడా నవ్వింది. కేకు కోసి తనే అందరికీ పంచింది, ఎవరికి పెద్ద ముక్క ఇష్టమో ఇంకా గుర్తుంది. "ఎలా ఉన్నావ్?" అని మార్లూస్ అడిగితే "ఇంతకంటే అధ్వాన్నంగా ఉండొచ్చులే" అంది. మార్లూస్ ఆ మాటకి పొంగిపోయింది. బల్లకింద రెన్స్కె చెయ్యి కుర్చీ కమ్మిని పట్టుకుని తెల్లబడిపోవడం ఒక్క ఆల్టె మాత్రం చూసింది. ఆల్టె, రెన్స్కె ఒకే ఏడు చేరారు, ఒకరి కంచంలో ఒకరు తిన్నవాళ్ళు. చూసి కూడా ఆల్టె తల తిప్పుకుంది. రెన్స్కె లేని ఏడాదిలో "నేనొస్తా" అనే వంతు ఆల్టెకి వచ్చింది. రెన్స్కె తిరిగొస్తే తను కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఆ గదిలో అందరికీ ఆమె బాగుపడి ఉండటమే కావాలి.

ఎవరి జేబులోనో ఫోను టింగుమంది. రెన్స్కె నవ్వుతూనే లేచి మరుగుదొడ్డిలోకి వెళ్ళి గడియ వేసుకుంది. మా ఇళ్ళన్నింట్లోలాగే అక్కడా పుట్టినరోజుల క్యాలెండరు ఆ గోడకే వేలాడుతుంది. ఒక్కొక్క పేరూ పెదవులు కదుపుతూ చదివింది, ఊపిరి దారికొచ్చేదాకా. సగం పేర్లు ఎవరివో ఆమెకి తెలీదు. మొహం కడుక్కుని, బుగ్గలు గిల్లుకుని ఎర్రబరచుకుని, మళ్ళీ నవ్వుకుంటూ వచ్చింది.

ఇంటికొచ్చి స్వెట్టరైనా విప్పకుండా మంచమెక్కిన మనిషి ఆ వారమంతా దిగలేదు. ఆ వారం సంగతి హార్మ్‌కి తప్ప ఎవరికీ తెలీదు.

"ఫోన్ చేసి చెప్పు వాళ్ళకి. ఇలా పడున్నావని చెప్పు" అన్నాడు హార్మ్.

"చెప్తే ఇంక పిలవరు. వసంతం వచ్చేస్తోంది హార్మ్."

"నే చెప్పనా?"

"చెప్పావంటే నీతో మాట్లాడను."

తర్వాత కంపెనీ డాక్టరు ఫోన్ చేశాడు. నగరం మనిషి, మర్యాదస్తుడు. "మార్లూస్‌గారు చెప్పారు, కేకు అద్భుతంగా కుదిరిందటగా" అన్నాడు. ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వుతో పని అయిపోయింది. వారానికి రెండు రోజులు పొద్దున పూట వచ్చి కాఫీలు పోస్తే చాలన్నాడు. లెక్కలో లేని అదనపు మనిషిలా ఉండాలి, ఫోను చేతికి ఇవ్వకూడదు, అదీ షరతు. మార్లూస్ ఒట్టు వేసినంత గట్టిగా ఒప్పుకుంది.

మొదటి రోజు రెన్స్కె కాఫీ బండి తోసుకుంటూ తూర్పు భాగంలోకి వెళ్ళేసరికి డ్యూర్ట్ తాత లేచి నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. ఆమె కేక ఆయనకి గుర్తులేదు, అసలు ఆమే గుర్తులేదు.

"లాకులు తీశారా అమ్మాయ్?"

రెన్స్కె కాఫీ బండి పక్కకి నెట్టి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడే తీశారు కెప్టెన్‌గారూ. పదండి పోదాం."

కిటికీ దగ్గర ఆయన ఊపిరి వదిలితే ఆమె కూడా వదిలింది. ఆ రోజు ఇంటికొచ్చి రెన్స్కె పళ్ళెం నిండా తింది. హార్మ్ గిన్నెలోది గోకి ఆమెకే పెట్టాడు. ఆ తర్వాత కొన్ని వారాలు అలా నడిచాయి. వెళ్ళొచ్చిన మర్నాడు లేవలేకపోయేది, ఆ మర్నాడు లేచేది. అయినా కాఫీ పోయడం, వరండా చివరిదాకా నడవడం, ఇంత మాత్రమైతే తనకి చేతనవుతుందని ఆమెకి నమ్మకం కుదిరింది. ఇలాగే మెల్లగా వదిలేసి ఉంటే ఆ మనిషి నిలదొక్కుకునేదే. నాకు ఇప్పటికీ అదే కడుపుమంట.

ఒక మంగళవారం ఆమె వెళ్ళేసరికి తూర్పు భాగంలో ఎవరూ లేరు. మంచాలమీద ముసలివాళ్ళు అలాగే ఉన్నారు. మార్లూస్ ఒక్కతే ఎర్రబడ్డ కళ్ళతో, రెండు చేతుల్లో రెండు ఫోన్లతో ఎదురొచ్చింది.

"ఆల్టె రాలేదు. కారులో కూర్చుని ఏడుస్తోందట, వాళ్ళాయన ఫోన్ చేశాడు. అవతలి భాగంలో నేనొక్కదాన్నే ఉన్నా. వేరే అమ్మాయిని పిలిపిస్తున్నా, పది గంటలకల్లా వచ్చేస్తుంది. అంతదాకా రెన్స్కె..." మార్లూస్ ఆగింది. "అడక్కూడదు, నాకు తెలుసు. నువ్వు కాదంటే కాదను."

కాదను అన్న మాట నిజమే. తలుపు తెరిచే ఉంది. ఆ క్షణంలో రెన్స్కె కాదని ఉంటే మార్లూస్ ఏదో ఒకటి చేసుకునేదే. కానీ ఆమె నోటికి ఆ మాట ఎప్పుడూ అలవాటు లేదు.

"నేనుంటాలే."

ఫోను కుడి జేబులోకి వెళ్ళింది. జారిపోయి చాలా కాలమైన బరువు మళ్ళీ అదే చోట కూర్చుంది.

ఒకాయన్ని లేపి కూర్చోబెట్టేలోగా టింగుమంది. నొక్కి, ఆ గదికి పరిగెత్తింది. అక్కడ బామ్మకి ఒక చేతికి చొక్కా తొడిగేలోగా మళ్ళీ. తొడిగిన చెయ్యి అలాగే వదిలేసి ఇంకో గదికి. చెమట్లు పట్టాయి. ఏ గదిలో ఎవరిని ఎలా వదిలేసి వచ్చిందో గుర్తురావడం మానేసింది. తువ్వాళ్ళ కోసం బట్టల గదిలోకి వెళ్ళి అలమర తెరిచింది. తెల్లగా, మడతలు పెట్టి, మెత్తగా ఉన్నాయి తువ్వాళ్ళు. ఫోను మోగింది. ఆమె దాన్ని బయటికి తీసి, తువ్వాళ్ళ మధ్య పెట్టింది. దానిమీద ఇంకొన్ని తువ్వాళ్ళు పెట్టింది. ఇంకొన్ని. అలమర తలుపు మూసింది. గది తలుపు కూడా మూసింది.

ఎంత నిశ్శబ్దం! రెన్స్కె మెడ నరాలు సడలాయి. పక్షుల అరుపులు వినపడ్డాయి కరకట్ట మీదనుంచి. వరండాలో డ్యూర్ట్ తాత నిలబడి ఉన్నాడు. ఆయన అడక్కముందే చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ తొందరలేకుండా కిటికీ దాకా నడిచారు. అక్కడే నిలబడ్డారు. ఆయన తన పడవ గురించి చెప్పాడు, ఆమె విన్నది. రెండేళ్ళలో ఆమె అంత హాయిగా ఉన్న ఘడియ అదొక్కటే.

పది గంటలకి వచ్చిన కొత్తమ్మాయి తువ్వాలు కోసం బట్టల గది తలుపు తీసింది. టింగు టింగుమంటూ వరండా అంతా నిండిపోయింది.

తూర్పు భాగంలోనే ఉండే ట్రెంటె బామ్మ స్నానాల గది నేలమీద దొరికింది. తనంతట తను లేచి, చాపమీద కాలుపెట్టి, సాయం వస్తుందని కాసేపు ఆగి కూడా ఉంటుంది. ఎవరూ రాకపోతే గోడ పట్టుకుని నడిచింది. తుంటి విరిగింది. చలికి పెదాలు నీలం తిరిగాయి. రెన్స్కె ఆమె తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, ఆ ముసలామె ఈమె బుగ్గ తడిమి "ఏడవకమ్మా, నేనే తొందరపడ్డాను" అంది. అంబులెన్సు తీసుకుపోయింది. ఆస్పత్రి నుంచి బామ్మ మరి తిరిగి రాలేదు.

రెన్స్కెని ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త నయం. విచారణకి వచ్చిన పెద్దమనిషి మెత్తగా అడిగాడు. "చెయ్యలేనని ఎందుకు చెప్పలేదమ్మా?" మార్లూస్ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "నువ్వు బాగయ్యావనుకున్నా రెన్స్కె. ఒట్టు. నిన్ను చూస్తే అలాగే ఉన్నావు. ఆరోజు ఆ కేకు పట్టుకుని..." మాట పూర్తిచెయ్యలేకపోయింది.

ఇంట్లో హార్మ్ కూడా నేను ముందే చెప్పానుగా అనలేదు. ఆ మాట ఆయన నాలిక చివర ఉందనీ, జీవితాంతం అక్కడే ఉంచుకుంటాడనీ రెన్స్కెకి తెలుసు.

వసంతం వచ్చింది, గడువు అయిపోయింది, చోటు పోయింది. లాకరులో ఉన్న చెప్పులూ, దువ్వెనా, కప్పూ ఒక సంచిలో వేసి బౌకె తెచ్చి గుమ్మంలో పెట్టి, టోపీ తీసి కాసేపు నిలబడి వెళ్ళాడు. రెన్స్కె ఆ సంచి విప్పలేదు. ఇల్లు కదలడం కూడా మానేసింది. డ్యూర్ట్ తాతకి ఇప్పుడు ఎవరు జవాబు చెబుతున్నారో అడిగే ధైర్యం ఆమెకి లేదు.

ఎండాకాలం మొదట్లో ఒక సాయంత్రం హార్మ్ చెప్పులు విప్పుతూ అన్నాడు.

"ఆల్టె వాళ్ళాయన కనిపించాడు. ఆరోజునుంచీ ఆల్టె కూడా జబ్బు సెలవులోనే ఉందట. రేపు కాఫీకి రమ్మన్నారట."

రెన్స్కె లేచి కోటు తగిలించుకుంది. తలకి దువ్వెన తగిలి ఎన్నాళ్ళో అయింది, అలాగే బయల్దేరింది. హార్మ్ తోడు రాబోతే వద్దంది.

ఆల్టె ఇల్లు కాలవ అవతల. దూరం నుంచే కిటికీ అద్దాలు తళతళ మెరుస్తున్నాయి. అది చూసి రెన్స్కె అడుగు వేగం పెంచింది. లోపలికి వెళ్తే గుమ్మంలోనే బాదం పప్పు, వెన్న వేగుతున్న వాసన. ఆల్టె ఏప్రన్ కట్టుకుని ఉంది. జుట్టు కత్తిరించుకుని కొత్త రంగు వేయించుకుంది. కళ్ళకింద గుంటలు పౌడరుతో పూడ్చింది.

"రావే! ఎన్నాళ్ళయింది నిన్ను చూసి. కూర్చో కూర్చో, ఏంటే ఆ అవతారం?"

"ఎలా ఉన్నావ్ ఆల్టె?"

"ఇంతకంటే అధ్వాన్నంగా ఉండొచ్చులే."

"నన్ను చూసి చెప్పు."

ఆల్టె చూడలేదు. బల్లమీద లేని మరకని గుడ్డతో తుడవసాగింది.

"కేకెందుకే?" అంది రెన్స్కె.

"ఊరుకో. చేతులూపుకుంటూ వెళ్తారా ఎవరైనా? ఏమనుకుంటారు?"

తన నోట్లో మాటే వేరే నోట్లోంచి విని రెన్స్కె కుర్చీలో కూలబడింది. ఏదో చెప్పబోయింది. అప్పుడే కేకు పొయ్యి టింగుమంది.

ఇద్దరి కుడిచేతులూ ఒకేసారి తొడల మీదికి పోయాయి. రెన్స్కె చెయ్యి కోటు జేబులో, ఆల్టె చెయ్యి జేబే లేని ఏప్రన్ మీద. ఒకరి చెయ్యి ఒకరు చూసుకున్నారు. పొయ్యి మళ్ళీ టింగుమంది.

ఆల్టె తీయడానికి లేవబోయింది. రెన్స్కె ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"ఉండనీ."

"మాడిపోద్దే."

"మాడనీ. నువ్వు రేపు తల కడుక్కోకుండా వెళ్ళు ఆల్టె. ఖాళీ చేతులతో వెళ్ళు. నన్ను చూశావుగా. కుర్చీ పట్టుకున్న నా చెయ్యి చూశావుగా ఆరోజు."

ఆల్టె మొహంలోంచి ఆ నవ్వు ముక్క కూడా పోయింది. "చూశాను" అంది. "చూసి ఊరుకున్నాను."

"నేనూ దాచాను. సరిపోయింది."

పొయ్యి మోగుతూనే ఉంది. మోగిన ప్రతిసారీ ఇద్దరికీ ఒళ్ళు జలదరిస్తోంది. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని కూర్చున్నారు. పౌడరు మీదుగా ఆల్టె కన్నీళ్ళు కారి చారలు కట్టాయి. వెన్న వాసన పోయి మాడు వాసన మొదలైంది. పొగ సన్నగా వంటింటి కప్పుకేసి పాకింది. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.